కుండపెంకు చెప్పు చరిత్ర

రాజుల వృత్తాంతమును శాసనములు దెలుపును; పండితుల తలంపులను గ్రంథములు దెలుపును; సామాన్యజనుల బ్రతుకును దెలుపునది కుండపెంకు. బంగారమును కరగించి మఱియొక నగ చేయుదురు, ఇనుము త్రుప్పుపట్టి మన్నగును, వస్త్రము చీకిపోవును, దూలములు చెదలపాలగును. కాల్చిన మట్టిమాత్రము పగులునే కాని నశింపదు. పగిలిన కుండతో నెవరికిని పనిలేదు గనుక అది పడినచోటనే పడియుండి, రెండువేల యేండ్ల తరువాతనైనను తన్ను చేసినవారిని గూర్చియు, వాడినవారిని గూర్చియు సాక్ష్యమిచ్చును.

గ్రీసు, రోము అనునవి చరిత్రపాఠములోని దూరదేశములనియు, వాటికిని మన యూళ్ళకును ఏ సంబంధమును లేదనియు మన విద్యార్థులలో ననేకులు తలచుచుందురు. ఈ తలంపు సరికాదు. మధ్యధరా సముద్రతీరమున మట్టిపాత్రల కళ యెట్లు పెరిగెనో, ఆ పాత్రల నిగనిగకు కారణమేమో, ఆ దేశములకును మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలకును ప్రాచీనకాలమున కలిగిన సంబంధమెట్టిదో ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింప నెంచితిమి.

మధ్యధరా సముద్రములో క్రీటు అను ద్వీపము కలదు. 1900వ సంవత్సరమున ఆర్థర్ ఇవాన్సు అను ఆంగ్లేయుడు అచ్చటి నాసస్ అను దిబ్బను త్రవ్వింపగా నొక గొప్ప రాజభవనము బయల్పడెను. క్రీ.పూ. 1500 ప్రాంతమున ఆ ద్వీపవాసులు తమ పాత్రలపై సముద్రజంతువులను చిత్రించుచుండిరి. ఎనిమిది చేతుల ఆక్టోపసు తన చేతులను కూజాచుట్టును చాచి, ఆ కూజా గుండ్రదనమునే తన శరీరముగా చేసికొన్నట్లు వ్రాసిన చిత్రములు నేటికిని ఉన్నవి. సముద్రముమీద బ్రతుకువాడు సముద్రమునే కుండపై వ్రాసెను. చిత్రకారుడు తాను ప్రతిదినము చూచుదానినుండియే కళను తీయునని దీనివలన మనము గ్రహింపవలెను.

ఆ నాగరకత యంతరించిన తరువాత గ్రీసులో క్రీ.పూ. 900 మొదలు 700 వఱకు గీతల చిత్రములు ప్రబలెను. త్రికోణములు, చదరములు, మెలికలు వరుసలు వరుసలుగా పాత్రనంతటిని నింపును. మన పల్లెలలో వాకిట వేయు ముగ్గులను చూచినవారికి ఇవి క్రొత్తగా తోపవు. క్రీ.పూ. 750 ప్రాంతమున చేసిన యొక కుండ ఏథెన్సు ప్రదర్శనశాలలో నున్నది. దాని యెత్తు 155 సెంటీమీటర్లు. అనగా నొక బాలుని యెత్తు. అది నీటికుండ కాదు. సమాధిపై నిలిపిన గుఱుతు. దాని నడుమ శవమును పరుండబెట్టి, చుట్టును జనులు తలలపై చేతులుంచుకొని యేడ్చుచున్నట్లు వ్రాయబడియున్నది. రాతివిగ్రహము చేయుట యింకను నేర్వని కాలమున ఆ జనులు తమ దుఃఖమును మంటికి అప్పగించిరి.

తరువాతి కాలమున మొదట కొరింథు పట్టణమును, పిమ్మట ఏథెన్సు పట్టణమును కుండల వర్తకమునకు ప్రసిద్ధికెక్కెను. ఏథెన్సులో కుమ్మరుల వాడకు కెరామికస్ అని పేరు. పాశ్చాత్యభాషలలో మట్టిపనికి వాడు సిరామిక్సు అను మాటయు ఆ మూలమునుండి వచ్చినదే. నూనెకును ద్రాక్షారసమునకును ఆంఫొరా, నీటికి హైడ్రియా, ద్రాక్షారసమున నీరు కలుపుటకు క్రేటరు, త్రాగుటకు కైలిక్సు అని యొక్కొక పనికి నొక్కొక పాత్ర యుండెను. మన యిండ్లలోను కడవ, కాగు, చట్టి, ముంత, గురిగి అని వేఱువేఱు పేరులు లేవా? ఏథెన్సులో నాలుగేండ్ల కొకసారి జరుగు గొప్ప యుత్సవపు పందెములలో గెలిచినవారికి చిత్రించిన ఆంఫొరాలను ఓలివనూనెతో నింపి బహుమానముగా నిచ్చుచుండిరి. ఒక ప్రక్కను అథీనాదేవత చిత్రమును, రెండవప్రక్కను ఆ పందెపు చిత్రమును ఉండును. మన పాఠశాలలో పరుగుపందెము గెలిచిన బాలునకు వెండిగిన్నె యిచ్చుటవంటిదే యిది. అయితే ఆ గిన్నె చిత్రము చూచి యే పందెమున గెలిచెనో చదువురానివాడును చెప్పగలడు.

ఏథెన్సు చిత్రపద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది ఎఱ్ఱని నేలపై నల్లని రూపములు వ్రాయుట. ఈ పద్ధతిలో నేర్పరులలో మొదట నెన్నదగినవాడు ఎక్సీకియస్. క్రీ.పూ. 540–530 ప్రాంతమున అతడు చేసిన యొక ఆంఫొరా రోములోని వాటికను ప్రదర్శనశాలలో నున్నది. అకిలీసు, ఏజాక్సు అను నిద్దఱు వీరులు యుద్ధపు విరామములో ఈటెలు చేతనుంచుకొనియే వంగి యాట యాడుచుందురు. వారిద్దఱును ఆ యుద్ధమునుండి ప్రాణములతో తిరిగిపోరని ఆ కథ నెఱిగిన గ్రీకు జనులందఱకును తెలియును.  ఒక్క నెత్తుటిబొట్టైనను వ్రాయక చిత్రకారుడు యుద్ధముయొక్క విషాదము నంతటిని చూపెను. ఈ పాత్రను చేసినదియు, చిత్రించినదియు తానేయని అతడు దానిపై తన పేరు వ్రాసికొనెను.

రెండవ పద్ధతి క్రీ.పూ. 530–525 ప్రాంతమున బయలుదేఱెను. ఇందు నేల నల్లగా నుండును. రూపములు ఎఱ్ఱగా నుండును. నల్లని రూపముపై వివరములు చూపవలెనన్న సూదితో గీకవలసియుండెను. ఎఱ్ఱని రూపముపై కుంచెతో సన్నని గీతలు వ్రాయవచ్చును. అందుచేత కండరములు, వస్త్రపు మడతలు, వంగిన మెడ, వెనుకకు తిరిగిన పాదము మొదలగునవి సహజముగా చూపుట సాధ్యమయ్యెను. యుఫ్రోనియస్, యుథిమిడిస్ అనువారు ఈ పద్ధతిలో పోటీదారులు. ఇట్టిది యుఫ్రోనియస్ ఎన్నడును చేయలేదని యుథిమిడిస్ తన కుండమీదనే వ్రాసి గర్వించెను! ఇరువదియైదు శతాబ్దములు గడచినను ఆ స్పర్ధ మాటలు చెరగలేదు.

ఇక నీ నలుపు ఎక్కడిది? ఇది రంగు కాదు, నూనె కాదు, మసి కాదు. కుండ చేసిన మట్టియే యీ నలుపునకును మూలము. మట్టిని నీటిలో కలిపి నిలువయుంచిన యెడల ఇసుకయు గరుకైన రేణువులును అడుగున కూర్చుండును. మిక్కిలి సన్నని రేణువులు పైనీటిలో తేలియుండును. ఆ నీటిని వంచి, చిక్కబఱచిన పలుచని మట్టితో చిత్రకారుడు వ్రాయును. కాల్చకముందు చిత్రమునకును కుండకును వర్ణభేదము కొంచెమే. భేదము పుట్టునది ఆవములోనే.

ఆ మట్టిలో ఇనుము కలసియున్నది. కాల్చుట మూడు దశలు. మొదటి దశలో గాలి ధారాళముగా పోనిత్తురు. ఇనుము ప్రాణవాయువుతో కలసి పాత్రయంతయు ఎఱ్ఱబాఱును. రెండవ దశలో గాలిత్రోవలు మూసి పచ్చికట్టెలు వేయుదురు. వేడి సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడునకు పైబడును. గాలి చాలని మంట యినుములోని ప్రాణవాయువును లాగికొనును, పాత్రయంతయు నల్లబాఱును. ఈ దశలోనే సన్నమట్టితో వ్రాసిన భాగము కొంత కరగి గాజువలె బిగిసిపోవును. మూడవ దశలో మరల త్రోవలు తెఱతురు. గుల్లగానున్న కుండభాగములోనికి గాలి దూరి తిరిగి ఎఱ్ఱబఱచును. గాజువలె బిగిసిన భాగములోనికి గాలి దూరదు గనుక అది నల్లగానే నిలుచును. ఒకే మట్టి, ఒకే యినుము, ఒకే ఆవము. గాలి తగిలినది ఎఱుపు, గాలి తగులనిది నలుపు. రసాయనశాస్త్రమన్న పేరైనను లేని కాలమున ఆ కుమ్మరులు దీనిని కంటితోను అనుభవముతోను నేర్చుకొనిరి.

మా పైతరగతి విద్యార్థులచేత చెఱువుమట్టిని గాజుపాత్రలో కలిపించి, ఒక రాత్రి నిలువయుంచి, పైనీటిని వంపించి చూపితిమి. ఆ తరగతిలో కుమ్మరి కుటుంబమునకు చెందిన బాలు డొకడు కలడు. తండ్రి వృత్తి యేమని యడిగినప్పుడెల్ల తలవంచుకొనుట అతని యలవాటు. ఆనాడుమాత్రము, ఆవములో కొన్ని కుండలు నల్లబడుట కేమి కారణమని మే మడుగగా, అందఱికంటె ముందు లేచి, "పొగ బయటికి పోకుంట కప్పితే నల్లగయితయి సార్, మా నాయన గట్లనే చేస్తడు" అని చెప్పెను. పుస్తకములో రెండు పుటలు చదివి మేము తెలిసికొన్నదానిని ఆ బాలుడు ఇంటివద్దనే నేర్చియుండెను. చక్రవర్తుల పేరులను వల్లించు మనము సారె త్రిప్పువానిని చిన్నచూపు చూచుట విద్య కాదు.

ఈ విద్య మన సీమకు గ్రీకులు తెచ్చినది కాదని యిచ్చట స్పష్టముగా చెప్పవలసియున్నది. మన జిల్లాలలో పొలముల గట్లమీదను గుట్టల యడుగునను పెద్దబండలతో కట్టిన ప్రాచీన సమాధులు కలవు. పల్లెజనులు వీనిని రాకాసిగుళ్ళందురు. ఇనుపయుగమునాటి యీ సమాధులలో చనిపోయినవారికొఱకు పెట్టిన కుండలు, చిప్పలు దొరకును. వానిలో ననేకములు లోపలను అంచునను నల్లగను, వెలుపల నడుగుభాగమున ఎఱ్ఱగను ఉండును. కుండను బోర్లించి కాల్చుటచేత గాలి తగులని లోపలిభాగము నల్లబడెనని పండితులు చెప్పుదురు. ఏథెన్సు కుమ్మరి యే సూత్రముచే చిత్రము వ్రాసెనో, మన కుమ్మరి యా సూత్రముచేతనే రెండు వర్ణములు తెచ్చెను. ఎవరి యొద్దనుండియు నెవరును అరువు తెచ్చుకొనలేదు. మంటికిని మంటకును గల ధర్మము అన్ని దేశములందును ఒక్కటియే.

అయితే నిజమైన రాకపోకలును తరువాత కలిగినవి. రోములో ఔగుస్తు కైసరు క్రీ.పూ. 27 మొదలు క్రీ.శ. 14 వఱకు పాలించెను. ఋతుపవనముల సాయమున ఓడలు ఐగుప్తునుండి తిన్నగా మన పడమటితీరమునకు వచ్చుట అతని కాలమున మిక్కిలి హెచ్చెను. క్రీ.శ. మొదటి శతాబ్దమున నొక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లసు అను గ్రంథములో భరుకచ్ఛ రేవునుండి ఇరువది దినముల ప్రయాణములో పైఠానును, అచ్చటినుండి తూర్పుగా పది దినములలో తగర పట్టణమును ఉన్నవని కలదు. ఇటలీ ద్రాక్షారసము ఆ రేవున దిగుచుండెననియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఆ పైఠాను మన గోదావరి యొడ్డుననే యున్నది. అదే నది దిగువకు వచ్చి కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు నడుమ ప్రవహించుచున్నది. భారతదేశము ఏటేట అయిదు కోట్ల సెస్టర్సుల ధనమును లాగికొనుచున్నదని రోమక పండితుడు ప్లీనీ మొఱపెట్టెను. ఆంధ్రులకు ముప్పది ప్రాకారనగరములు, లక్ష కాల్బలము, రెండువేల గుఱ్ఱములు, వేయి యేనుగులు ఉన్నవని వ్రాసినవాడును అతడే.

ఆ కాలపు పట్టణములు మన ముంగిటనే యున్నవి. గోదావరి యొడ్డునగల కోటిలింగాలలో సాతవాహన వంశమునకు మూలపురుషుడగు సిముకుని నాణెములును, అతనికి పూర్వులైన గోబద, సమగోపాదుల నాణెములును దొరకెను. ధూళికట్టలో మట్టికోటయు, పడగ విప్పిన ముచిలింద నాగుని చెక్కిన ఫలకములతో కూడిన బౌద్ధస్తూపమును బయల్పడెను. పెద్దపల్లి సమీపమున పెద్దబంకూరులో ఇటుకల యిండ్లు, ఇటుకబావులు, కాల్చిన మట్టి ఒరలతో కట్టిన బావులు, కమ్మరి కొలుములు, వేలకొలది సాతవాహన నాణెములు, వానితోపాటు రోమక నాణెములును వెలువడెను. కోటిలింగాల 2016వ సంవత్సరపు విభజనచే జగిత్యాల జిల్లాలోనికిని, తక్కిన రెండును పెద్దపల్లి జిల్లాలోనికిని పోయినవి. అంతకు పూర్వ మన్నియు కరీంనగరు జిల్లాలోనివే. ఈ త్రవ్వకములను నడపి, వానిని గూర్చి 1983లో గ్రంథము ప్రకటించినవారు వి. వి. కృష్ణశాస్త్రిగారు. అంతకు పూర్వమే, నైజాము ప్రభుత్వకాలమున, గులాం యాజ్దానీగారి యాధ్వర్యవమున మెదకు సీమలోని కొండాపురమును త్రవ్వగా ఔగుస్తు కైసరు బంగారు నాణెమును, తెల్లసుద్దమట్టితో రెండచ్చులలో పోసి చేసిన సొగసైన బొమ్మలును దొరకెను.

భారతదేశమున దొరకిన రోమక వెండి నాణెములలో ఔగుస్తు, తిబెరి కైసరుల ముద్రలు గలవే అధికము. వీనికి దేనారములని పేరు. సువార్తలలో పన్ను చెల్లింపవలెనా కూడదా యని యడిగినప్పుడు తెచ్చి చూపిన నాణెము తిబెరి దేనారమై యుండునని పండితులు సాధారణముగా తలచుదురు. అట్టి నాణెములే నల్లగొండ సీమలోని అక్కనపల్లెలోను పెద్దరాశిగా దొరకెను. యెరూషలేములో చేతులు మారిన నాణెపు జాతియే తెలంగాణపు మంటిలోను ఉన్నదన్న సంగతి లోకము ప్రాచీనకాలమున మనము తలచునంత చిన్నది కాదని తెలుపుచున్నది.

కుండపెంకులే యీ వర్తకపు కాలమును నిర్ణయించిన వృత్తాంతము మఱింత చిత్రమైనది. 1945లో మార్టిమర్ వీలరు పుదుచ్చేరి సమీపమున అరికమేడును త్రవ్వించెను. అచ్చట ద్రాక్షారసపు ఆంఫొరా ముక్కలును, ఇటలీలోని అరెజ్జో పట్టణపు ఎఱ్ఱని నిగనిగల గిన్నెల ముక్కలును దొరకెను. ఈ గిన్నెల యడుగున చేసినవారి పేరుల ముద్రలు వేయుట ఆచారము. ఆ పేరులలో ననేకములు దాసులవి. ఆ గిన్నెలు ఏ దశాబ్దములలో చేయబడెనో ఇటలీలో తెలిసియుండుటచేత, వానితో నదే పొరలో దొరకిన మన దేశపు పాత్రల కాలమును తెలియవచ్చెను. వెలుపల చక్రపుపండ్లతో ఒత్తిన చుక్కల వరుసలుగల నల్లని పళ్ళెములు సైతము రోమునుండియే వచ్చినవని వీలరు తలచెను. కాని మట్టిని రసాయనపరీక్ష చేసిన తరువాతి పండితులు ఆ పళ్ళెములు భారతదేశములోనే చేయబడినవని చూపిరి. 1947లో వీలరు మైసూరు సీమలోని బ్రహ్మగిరి, చంద్రవల్లి త్రవ్వకములలో వర్ణించి ఆంధ్రపాత్రలని పేరుపెట్టినవి వేఱు. తెల్లసుద్దతో గీతలు వ్రాసి పైన జేగురుపూత పూసిన యీ చిత్రపాత్రలు దక్కను దేశపు కుమ్మరుల సొంతసొత్తు.

కళ పడమటినుండి తూర్పునకు మాత్రమే వచ్చినదనుకొనరాదు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద కప్పబడిన పాంపేయి పట్టణమున 1938లో నొక దంతపు స్త్రీవిగ్రహము దొరకెను. యెత్తు సుమారు 25 సెంటీమీటర్లు. ఒడలినిండ నగలు, ఇరుప్రక్కల చెలికత్తెలు. దీనిని పోలిన దంతపు బొమ్మలు భోకర్దను, తేరు అను స్థలములందు దొరకెను. ఆ తేరే పూర్వపు తగరము. ఆ రెండును పూర్వము మన కరీంనగరువలెనే హైదరాబాదు సంస్థానములోనివి. మన దక్కను దంతపుపనివాని చేతిపని యొక రోమక గృహస్థుని యింటిని అలంకరించెనని యనేకులు తలచుచున్నారు.

కాబట్టి ప్రాచీనవస్తువు నొకదానిని చూచినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది దూరమునుండి తేబడినదా? దూరపుదానిని చూచి యిచ్చట చేసినదా? లేక, ఎవరిని చూడకయే యిచ్చట పుట్టినదా? దేనారము మొదటి తెగది. రెండచ్చుల కొండాపురపు బొమ్మలలో రోమకపద్ధతి యొక్క ఛాయ కలదని కొందఱందురు. నలుపెఱుపుల సమాధికుండలు మూడవ తెగవి. ఈ విచారణ లేక, పోలిక కనబడినంతనే అంతయు గ్రీకులదే యనువాడును, అంతయు మనదే యనువాడును ఒకే తప్పు చేయుచున్నారు.

ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తర మిచ్చునది వస్తువు మాత్రము కాదు. అది పడియున్న స్థలము. ఏ పొరలో, దేని ప్రక్కన, ఎంత లోతున నుండెనో తెలియనిచో సాక్షి నోరు మూసినట్లే. యుఫ్రోనియస్ చిత్రించిన యొక గొప్ప క్రేటరును దొంగలు 1971లో ఇటలీలోని సమాధినుండి త్రవ్వి తీసిరి. 1972లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాల దానిని పదిలక్షల డాలర్లకు కొనెను. విచారణలైన పిమ్మట 2008లో అది ఇటలీకి తిరిగి చేరెను. పాత్ర తిరిగివచ్చెను, కాని ఆ సమాధి యెవరిదో, ప్రక్కన నేమేమి యుండెనో తెలుపు సాక్ష్యము తిరిగి రాలేదు.

అట్టి నష్టము మన సీమలోను కలుగుచున్నది. పాతదిబ్బల యిటుకలను గోడలకు తీసికొనిపోవుదురు. నిధి యున్నదని రాత్రివేళ రాకాసిగుళ్ళను పగులగొట్టుదురు. పాటిమన్ను ఎరువునకు మంచిదని బండ్లకెత్తుదురు. శ్రీపాద యెల్లంపల్లి జలాశయపు నీరు కోటిలింగాలవఱకు వచ్చి నిలిచినది. నీరును నాగలియు రైతునకు కావలసినవే, వానిని నిందింపరాదు. అందుచేతనే మిగిలినదానిని చూచుకొనవలసిన బాధ్యత చదువుకొన్నవారిపై నెక్కువగా నున్నది.

విద్యార్థులారా! మీలో ననేకులు పల్లెలనుండి వచ్చి చదువుకొనుచున్నారు. సెలవులకు పోయినప్పుడు దున్నిన చేనిలో నొక పాతపెంకో నాణెమో కనబడవచ్చును. దానికొఱకు నేలను త్రవ్వకుడు. నాణెమును చింతపండుతో తోమకుడు; దానిపై నక్షరములు పోవును. ఊరిపేరు, చేనిపేరు, తేది వ్రాసికొని, చోటును గుఱుతుపెట్టి, మీ ఉపాధ్యాయునకో తహసీలుదారునకో తెలుపుడు. భూమిలో దొరకిన నిధిని గూర్చి అధికారులకు తెలుపవలెనని చట్టమును విధించుచున్నది; నూఱేండ్లు దాటిన కళావస్తువులను ఇతరులు విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము శాసించుచున్నది. అవకాశము కలిగినప్పుడు కరీంనగరులోని పురావస్తు ప్రదర్శనశాలను దర్శింపుడు. తిరిగివచ్చునప్పుడు మీ యూరి కుమ్మరి సారెవద్దను ఒక గడియ నిలిచి చూడుడు. ఎక్సీకియస్ తన పేరును కుండపై వ్రాసికొనెను గనుక మనము అతని నెఱుగుదుము. పెద్దబంకూరు బావికి ఒరలు కాల్చిన కుమ్మరి తన పేరు వ్రాసికొనలేదు. కాని అతడు చేసిన ఒరలు రెండువేల యేండ్ల తరువాతను మంటిలో నిలిచియున్నవి. అతని పనిని చెడనీయక కాపాడుటయే మన మతనికి చేయదగిన గౌరవము.